రైల్వే చేతిలో ఉన్న డబ్బు ఎవరిది? ఒక ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) కేస్ స్టడీ

కక్షిదారు ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. పేర్లు, ఊళ్ళు తీసేశాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా మొత్తాలు కొద్దిగా మార్చాను. వాదనలు, నేను చేసిన పొరపాట్లు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉంటాయి.

ముఖ్యంగా జూనియర్ల కోసం రాస్తున్నాను. డిక్రీ, అంటే బాకీ కట్టమన్న కోర్టు తీర్పు, వచ్చిన రోజున కక్షిదారు మిఠాయి పెట్టెతో వస్తాడు. ఆరు నెలల తర్వాత అదే మనిషి "కాగితం వచ్చింది గానీ డబ్బేదీ?" అని అడుగుతాడు. అసలు పని అక్కడే మొదలవుతుంది. బాకీదారు సొమ్ము రైల్వే దగ్గర ఉన్న కేసుల్లో చాలామంది మొదలుపెట్టకుండానే వదిలేస్తారు. "రైల్వే అంటే సర్కారు, సర్కారు మీద జప్తు పడదు" అన్న మాట కోర్టు వరండాల్లో అంతగా పాతుకుపోయింది.

నేపథ్యం

మా కక్షిదారుకు రెండు జేసీబీలు, మూడు టిప్పర్లు ఉన్నాయి. అన్నీ ఫైనాన్సులో తీసుకున్నవే. ఒక రైల్వే డబ్లింగ్ (రెండో లైను వేసే) పనిలో కట్ట పోసే మట్టి పనికి ఆయన బండ్లు నడిచాయి. రైల్వేతో ఒప్పందం ఉన్నది ప్రధాన కాంట్రాక్టరుకు. మావాడికి ఒప్పందం ఆ కాంట్రాక్టరుతో మాత్రమే. రైల్వేకి, మావాడికి మధ్య ఒక్క కాగితం కూడా లేదు. ఈ కేసు మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగింది.

పని అయ్యాక లెక్క చూస్తే 14,20,000 రూపాయలు బాకీ తేలింది. కాంట్రాక్టరు ప్రామిసరీ నోటు రాశాడు. రైల్వేలో ట్రాక్ మెయింటెయినర్‌గా చేస్తున్న అతని బావమరిది కూడా దాని మీద సంతకం పెట్టాడు. నోటు మీద దావా వేస్తే ఇద్దరి మీదా డిక్రీ అయింది. వడ్డీ, ఖర్చులు కలిపి ఈపీ నాటికి 16,85,000 అయింది.

కాంట్రాక్టరు పేరు మీద ఏమీ లేదు. ఇల్లు భార్య పేరున ఉంది. బ్యాంకు ఖాతా ఎప్పుడు చూసినా ఓవర్‌డ్రాఫ్టులోనే. ఉన్న ఆస్తల్లా రైల్వే నుంచి అతనికి రావలసిన బిల్లులు, వాటిలోంచి కోసి ఉంచిన సెక్యూరిటీ డిపాజిట్.

నా దగ్గరికి వచ్చేసరికే కేసులో ఒక కొట్టివేత ఆర్డరు ఉంది. మొదటి వకీలు గారు బావమరిది గ్రాట్యుటీనీ, ప్రావిడెంట్ ఫండునూ జప్తు చేయమని పిటిషన్ వేశారు. రైల్వే అభ్యంతరం చెప్పింది, కోర్టు కొట్టేసింది. ఆ ఆర్డరు సరైనదే. చిక్కల్లా దాన్నుంచి అందరూ చేసుకున్న అర్థంలో వచ్చింది. మా కక్షిదారు దృష్టిలో అది "రైల్వే మీద ఏదీ పడదు" అనే తీర్పు. కాంట్రాక్టరైతే ఊరంతా చెప్పుకున్నాడట, "నా బిల్లులు రైల్వేలో ఉన్నాయి, అక్కడికి వాళ్ళ కోర్టు కాగితం పోదు" అని.

అడిగిందేమిటి

ఆయన నా ఎదుట కూర్చుని చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క తీశారు. 2017లో లూధియానా కోర్టు స్వర్ణ శతాబ్ది రైలునూ, స్టేషన్ మాస్టరు గదినీ జప్తు చేయమన్న వార్త.

"సార్, అక్కడ రైలునే ఆపారంట. మనమెందుకు ఆపకూడదు?"

"అక్కడ బాకీ ఎవరిదండీ?"

"రైతు భూమి తీసుకుని డబ్బు పూర్తిగా ఇవ్వలేదంట."

"అంటే బాకీ రైల్వేదే. మన కేసులో రైల్వే మనకేమన్నా బాకీ ఉందా?"

ఆయన కాసేపు ఆలోచించి, "మనకి లేదు. వాడికి ఉంది," అన్నారు.

ఎన్ని చట్టం పుస్తకాలు తిరగేసినా ఈ కేసుకు అంతకంటే సూటి వర్ణన నాకు దొరకలేదు. ఆ లూధియానా రైలు కూడా కొద్ది నిమిషాల్లోనే కదిలిపోయిందన్న సంగతి ఆయనకు చెప్పాను. రైలును ఆపడం వార్త అవుతుంది, వసూలు కాదు.

రక్షణ దేనికుంది, దేనికి లేదు

పిటిషన్ రాసే ముందు ఒక పూటంతా కూర్చుని, రైల్వేకి సంబంధించి ఎక్కడెక్కడ రక్షణ ఉందో విడివిడిగా రాసుకున్నాను.

1989 నాటి రైల్వే చట్టంలో 187వ సెక్షన్ ఉంది. రైళ్ళ రాకపోకలకు, స్టేషన్లకు, వర్క్‌షాపులకు వాడే ఇంజన్లు, బోగీలు, యంత్రాలు, పనిముట్లు, సామగ్రి వంటి వాటిని కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేకుండా ఏ డిక్రీ కిందా జప్తు చేయరాదని దాని సారం. ఎందుకో తేలిగ్గానే అర్థమవుతుంది. ఒకరి బాకీ కోసం వెయ్యిమంది ప్రయాణం ఆగకూడదు. కానీ చాలామంది మొదటి ఉపసెక్షన్ దగ్గరే పుస్తకం మూసేస్తారు. రైల్వే ఆదాయాన్ని జప్తు చేసే కోర్టు అధికారానికి ఇది అడ్డు కాదని రెండో ఉపసెక్షన్ స్పష్టంగా చెబుతుంది. అంటే రైల్వే స్వయంగా బాకీపడ్డప్పుడు కూడా చట్టం కాపాడేది బండిని. గల్లాపెట్టెను కాదు.

రెండోది ఉద్యోగి సొమ్ముకున్న రక్షణ. సీపీసీ (సివిల్ కేసులు, డిక్రీల అమలు ఎలా నడవాలో చెప్పే చట్టం) 60వ సెక్షన్ మినహాయింపుల్లో ప్రభుత్వ పెన్షనర్ల గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండు ఉన్నాయి. 1925 నాటి ప్రావిడెంట్ ఫండ్స్ చట్టమూ ఆ ఫండుకు కాపలా కాస్తుంది. జ్యోతి చిట్ ఫండ్ కేసులో 1976లో సుప్రీంకోర్టు, ఈ సొమ్ము ఉద్యోగి చేతికి అందేదాకా తన స్వభావం కోల్పోదనీ, ప్రభుత్వం చేతిలో ఉండగా జప్తు చేయరాదనీ చెప్పింది. మా కేసులో కొట్టివేత ఆర్డరు నిలబడింది దీని మీదే. జాగ్రత్తగా చూస్తే ఈ రక్షణ రైల్వేది కానే కాదు. జీవితమంతా పట్టాల మీద పనిచేసి ఇంటికెళ్ళే మనిషిది. సొమ్ము రైల్వే చేతిలో ఉంది కాబట్టి రైల్వేకే రక్షణ ఉన్నట్టు పైకి కనిపిస్తుంది.

మూడోది జీతం. ఇక్కడ గోడే లేదు, గేటు ఉంది. అదే సీపీసీలోని ఆర్డర్ 21 రూల్ 48 శీర్షికలోనే ప్రభుత్వోద్యోగి, రైల్వే కంపెనీ ఉద్యోగి అన్న మాటలున్నాయి. జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టకూడదు. మిగిలిన మూడో వంతును నెలనెలా కోసి కోర్టుకు పంపమని జీతమిచ్చే అధికారిని ఆదేశించవచ్చు. మొత్తం 24 నెలలు కోత పడ్డాక 12 నెలలు విరామం ఇవ్వాలి, ఒకే డిక్రీ అయితే ఆ తర్వాత ఇక కోతే లేదు. ఉత్తర్వును కాదని జీతం ఇచ్చేస్తే ఆ మొత్తానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలని అదే రూలు చెబుతుంది. సర్కారు మీద ఏ కాగితమూ పడదనే వాళ్ళు ఈ ఒక్క రూలు చదివితే చాలు.

నాలుగోది మా అసలు గురి. కాంట్రాక్టరుకు రైల్వే ఇవ్వాల్సిన బిల్లు సొమ్ము. దీనికి 187లో గానీ, 60లో గానీ మినహాయింపు నాకు కనిపించలేదు. ఆర్డర్ 21 రూల్ 46 కింద అప్పును జప్తు చేయించి, 46ఏ కింద గార్నిషీకి, అంటే బాకీదారుకు సొమ్ము ఇవ్వాల్సిన మూడో మనిషికి, నోటీసు ఇప్పించవచ్చు. 1976 సవరణతో వచ్చిన ఈ గార్నిషీ రూళ్ళలో ప్రభుత్వాన్ని పక్కన పెట్టే మాట ఎక్కడా లేదు. కానీ అది నిజంగా "అప్పు" అయి ఉండాలి. 60వ సెక్షన్‌లోనే (ఎం) క్లాజు ఉంది. జరిగితే జరగొచ్చు అన్నట్టుండే హక్కును జప్తు చేయలేం. పని చేసి కొలత పడ్డ బిల్లు అప్పు అవుతుంది. కొలవని పని, రేపు చేయబోయే పని అప్పు కావు.

మొదటి ప్రయత్నం, అది పోయిన తీరు

ఇంత రాసుకుని కూడా నేను తప్పు చేశాను. మా పట్టణంలోనే డివిజన్ ఆఫీసు ఉంది. రైల్వే అంటే అదే కదా అనుకుని డివిజనల్ మేనేజరును గార్నిషీగా చూపి పిటిషన్ వేశాను. బిల్లులు, సెక్యూరిటీ డిపాజిట్ అన్నీ కలిపి "రావలసిన మొత్తాలు" అని ఒకే మాటలో రాశాను.

మూడో వాయిదాకు రైల్వే కౌంటర్ (జవాబు) వచ్చింది. ఈ పని డివిజన్‌ది కాదు, కన్‌స్ట్రక్షన్ విభాగానిది. ఈ కాంట్రాక్టరుకు డివిజన్ ఒక్క రూపాయి కూడా బాకీ లేదు. అది అక్షరాలా నిజం. రైల్వేలో డివిజన్ వేరు, కన్‌స్ట్రక్షన్ వేరు. ఎవరి బిల్లులు వారివి, ఎవరి అకౌంట్స్ ఆఫీసు వారిది. పైగా కన్‌స్ట్రక్షన్ అకౌంట్స్ ఆఫీసు రెండు జిల్లాల అవతల ఉంది. సీపీసీ 39వ సెక్షన్‌కు 2002లో చేర్చిన నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, తన హద్దులు దాటిన మనిషి మీద, ఆస్తి మీద ఈ కోర్టు డిక్రీ అమలు చేయలేదు. జీతం విషయంలో రూల్ 48 ఆ ఇబ్బంది లేకుండా చేసింది, జీతమిచ్చే అధికారి ఎక్కడున్నా ఉత్తర్వు పంపవచ్చు. బిల్లుల విషయంలో అలాంటి వెసులుబాటు లేదు. ఈ తేడా నాకు తెలుసు. ఆఫీసు ఎక్కడుందో కనుక్కోకపోవడం వల్ల తెలిసీ ఉపయోగపడలేదు.

పిటిషన్ వెనక్కి తీసుకున్నాం. ఇదంతా జరుగుతుండగా 5,60,000 రూపాయల రన్నింగ్ బిల్లు (పని నడుస్తుండగా ఇచ్చేది) కాంట్రాక్టరు ఖాతాలో పడింది, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు కింద పట్టేసుకుంది. ఆ సంగతి కక్షిదారుకు నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఫోన్ పెట్టేసే ముందు, "టిప్పరు కిస్తీ ఈ నెల కూడా కట్టలేను సార్," అన్నారు.

దారి మార్చడం

ఇక ఊహల మీద పిటిషన్ వేయకూడదనుకున్నాను. ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. మూడో వ్యక్తి వ్యాపార సమాచారమని తిరస్కరించారు. అప్పీలుకు వెళ్ళే తీరిక లేదు.

అప్పుడు వాడింది చాలామంది పట్టించుకోని ఆర్డర్ 21 రూల్ 41. బాకీదారు తన ఆస్తుల వివరాలతో అఫిడవిట్ వేయాలని కోర్టు ఆదేశించవచ్చు. వేయకపోతే మూడు నెలల వరకు సివిల్ జైలుకు పంపవచ్చు. కాంట్రాక్టరు రెండు వాయిదాలు తప్పించుకున్నాడు. మూడోసారి జైలు మాట ఆర్డరులోకి ఎక్కాక అఫిడవిట్ వచ్చింది. ఒప్పందం నంబరు, ఏ డిప్యూటీ చీఫ్ ఇంజనీరు కింద పని జరిగింది, ఫైనల్ బిల్లుకు కొలతలు పూర్తయి ఎంబీలో (కొలతల పుస్తకంలో) ఎక్కిన సంగతి, సెక్యూరిటీ డిపాజిట్ ఎంత ఉంది, మెయింటెనెన్స్ గడువు (పని అయ్యాక లోపాలు సరిచేయాల్సిన కాలం) ఎప్పుడు తీరుతుంది, అన్నీ అతని సంతకంతోనే వచ్చాయి. ఒక ఏడాది పాటు నేను వెతికినవన్నీ రెండు పేజీల్లో ఉన్నాయి. మొదటి రోజే ఇది చేసి ఉంటే ఆ 5,60,000 చేజారేది కాదు.

ఆ అఫిడవిట్ చేతిలో పెట్టుకుని డిక్రీని రెండు జిల్లాల అవతలి కోర్టుకు బదిలీ చేయించాం. అక్కడ ముందు రూల్ 46 కింద నిషేధ ఉత్తర్వు అడిగాం. కాంట్రాక్టరు ఆ బిల్లు వసూలు చేసుకోకూడదు, రైల్వే అతనికి చెల్లించకూడదు. ఉత్తర్వు వచ్చిన రోజునే కోర్టు అమీనా, మా గుమస్తా, నేను కలిసి అకౌంట్స్ ఆఫీసుకు వెళ్ళాం.

అకౌంట్స్ ఆఫీసులో

మధ్యాహ్నం రెండున్నర. కూలరు తడి గాలికి బల్ల మీద కాగితాలు ఎగరకుండా పట్టాలు కలిపే ఫిష్‌ప్లేటు బోల్టు ఒకటి బరువు పెట్టారు. సీనియర్ సెక్షన్ ఆఫీసరు ఉత్తర్వును రెండుసార్లు చదివి, బీరువాలోంచి బిల్లు ఫోల్డరు తీశారు. మూల మీద ఎర్ర ఇంకుతో సీవో6 నంబరు ఉంది. అంటే బిల్లు రిజిస్టరులో ఎక్కింది. సీవో7 కాలమ్ ఖాళీగా ఉంది. అంటే ఇంకా పాస్ కాలేదు. అది కూడా పడి ఉంటే సొమ్ము వెళ్ళిపోయినట్టే.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి అన్న మాట ఇది: "సార్, ఇది ఆపితే కాంట్రాక్టరు నా మీద పడతాడు. ఆపకపోతే మీరు పడతారు. రేపు రెండుసార్లు కట్టాల్సొస్తే ఆడిట్ పేరా నా పేరు మీదొస్తుంది. నాకు దారి చూపించండి."

అప్పటిదాకా రైల్వేను నేను మనసులో ఎదుటి పక్షంగానే చూస్తున్నాను. ఆ బల్ల ముందు కూర్చున్నాక సంగతి తెలిసింది. ఆయనకు కాంట్రాక్టరు మీద ప్రేమ లేదు, మా మీద కోపం లేదు. ఉన్నదల్లా ఒకే సొమ్ము రెండు చేతులకు ఇవ్వాల్సి వస్తుందేమోనన్న భయం. ఆ భయానికి మందు సీపీసీలోనే ఉంది. కోర్టు నోటీసు మీద గార్నిషీ కోర్టులో సొమ్ము జమ చేస్తే, ఆ మేరకు బాకీదారుకు ఉన్న అప్పు తీరినట్టేనని రూల్ 46ఎఫ్ చెబుతుంది. ఆ పేరా పుస్తకంలో చూపించాను. ఆయన జిరాక్స్ తీయించి ఫోల్డరులో మొదటి కాగితంగా గుచ్చారు. నిషేధ ఉత్తర్వు దాని కింద. సీవో7 ఆగింది.

వాదన

46ఏ నోటీసుకు రైల్వే తరఫు న్యాయవాది కౌంటర్ వేశారు. ప్రభుత్వ సొమ్ముకు కాపలా కాయడం ఆయన విధి, బాగా కాశారు. నాలుగు అభ్యంతరాలు చెప్పారు.

187వ సెక్షన్ అడ్డమన్నది మొదటిది. ఆ సెక్షన్ కాపాడేది రాకపోకలకు వాడే వస్తువులను, కాంట్రాక్టరుకు రావాల్సిన బిల్లును కాదు అన్నాం. రైల్వే ఆదాయం జప్తుకే అడ్డురానని రెండో ఉపసెక్షన్ చెబుతుంటే, రైల్వే వేరొకరికి ఇవ్వాల్సిన సొమ్ముకు అది ఎలా గొడుగు పడుతుంది?

సీపీసీ 80వ సెక్షన్ నోటీసు ఇవ్వలేదని, 82వ సెక్షన్ ప్రకారం మూడు నెలలు ఆగలేదని తర్వాతి రెండు. 80 దావాలకు వర్తిస్తుంది, ఇది దావా కాదు. 82 ప్రభుత్వం మీద వచ్చిన డిక్రీకి సంబంధించింది, ఇక్కడ డిక్రీ కాంట్రాక్టరు మీద ఉంది.

నాలుగోది బరువైన వాదన. సొమ్ము ప్రభుత్వం చేతిలో ఉన్నంతసేపు అది ప్రభుత్వ సొమ్మే, చేయి దాటాకే మరొకరిది అన్నారు. జ్యోతి చిట్ ఫండ్ తీర్పును ఇందుకే చూపారు. ఈ ఆలోచనకు పాత మూలాలున్నాయి. 1846లో అమెరికా సుప్రీంకోర్టు బుకానన్ వర్సెస్ అలెగ్జాండర్ కేసులో, కాన్‌స్టిట్యూషన్ అనే యుద్ధనౌక నావికుల జీతాలను వాళ్ళు దిగిన భోజన వసతి ఇళ్ళ యజమానులు జప్తు చేయించబోతే ఒప్పుకోలేదు. జీతాలు పంచే అధికారి చేతిలో ఉన్నది ఖజానా సొమ్మే అంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917 డిసెంబరు చివర అమెరికా ప్రభుత్వం ప్రైవేటు రైల్వేలను తన అధీనంలోకి తీసుకుంది. 1918లో ఆ రైల్వేల డైరెక్టర్ జనరల్, ప్రభుత్వ నిర్వహణలో ఉన్న రైల్వేల సొమ్ము మీద గార్నిషీ ఉత్తర్వులు పనికిరావని ఆదేశమిచ్చాడు. నిన్నటిదాకా కంపెనీ చేతిలో జప్తు అయ్యే జీతం, అదే రైలు, అదే కార్మికుడు, అదే జీతం, చెయ్యి మారేసరికి జప్తుకు అందకుండా పోయింది. 1920 మార్చిలో రైల్వేలు తిరిగి కంపెనీల చేతికి వచ్చాయి.

ఆ ఆలోచన మన దగ్గర అలాగే చెల్లదన్నదే మా జవాబు. మన సీపీసీ రూల్ 48లో జీతం ప్రభుత్వం చేతిలో ఉండగానే జప్తు చేసే దారి పెట్టింది. రూల్ 52లో ప్రభుత్వాధికారి కస్టడీలో ఉన్న ఆస్తిని నోటీసుతో ఆపే దారి పెట్టింది. చేయి దాటేదాకా ముట్టరాదన్నదే మన నియమమైతే ఈ రెండు రూళ్ళకూ అర్థం లేదు. జ్యోతి చిట్ ఫండ్ తీర్పు నిలబడింది గ్రాట్యుటీకి, ఫండుకు శాసనం ఇచ్చిన మినహాయింపుల మీద. కంకరకు, మట్టికి కొలత వేసిన బిల్లుకు అలాంటి మినహాయింపు ఏ శాసనమూ ఇవ్వలేదు.

కోర్టు మా వాదన ఒప్పుకుంది. అయితే ఒక షరతు పెట్టింది. ఒప్పందం ప్రకారం, చట్టం ప్రకారం రైల్వే చేయాల్సిన కోతలన్నీ పోయాక మిగిలిందే జమ చేయాలి. మేం కోరింది కూడా అదే. గార్నిషీ నోటీసు ఇప్పించినవాడు బాకీదారు స్థానంలో నిలబడతాడు తప్ప అతనికంటే పైకి ఎక్కడు. కాంట్రాక్టరుకు రాని రూపాయి మాకెలా వస్తుంది?

కూలీల సొమ్ము

కోతల పట్టిక వచ్చినప్పుడు ఒక పద్దు దగ్గర మా కక్షిదారు ఆగిపోయారు. 2,36,000 రూపాయలు, "చెల్లించని వేతనాలు". కాంట్రాక్టరు పనిలో ఉన్న వలస కూలీలకు ఆఖరి వారాల కూలి ఇవ్వలేదు. అప్పటికి అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం, కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించి అతని బిల్లులోంచి పట్టుకోవచ్చు. రైల్వే అదే చేసింది.

దాన్ని సవాలు చేయవచ్చా అని నా జూనియర్ అడిగింది. నిషేధ ఉత్తర్వు తేదీకి ముందు చెల్లించారా, తర్వాతా అన్న చిన్న సందు ఉంది. నేను కక్షిదారు ముందే ఆ మాట ఎత్తాను, నిర్ణయం ఆయనదే కాబట్టి. ఆయన పట్టిక మీద వేలు పెట్టి, "ఆ పిల్లల్ని నేను చూశా సార్. మా టిప్పరు నీడనే అన్నం తినేవాళ్ళు. అది వదిలేయండి," అన్నారు. వదిలేశాం.

13,40,000 బిల్లులో సామగ్రి రికవరీ 1,12,000, కూలీల వేతనాలు 2,36,000, పన్నులు, సెస్సు వగైరా 1,20,000 పోను 8,72,000 కోర్టులో జమ అయింది.

సెక్యూరిటీ డిపాజిట్‌ను ఈసారి బిల్లుతో కలపలేదు. మెయింటెనెన్స్ గడువు తీరేదాకా అది ఇవ్వాల్సిన అప్పు కాదని రైల్వే అనడానికి వీలుంది, ఆ వాదనకు బలమూ ఉంది. అందుకని రూల్ 52 కింద వేరే పిటిషన్ వేసి, "ఇప్పుడు ఇవ్వనక్కర్లేదు, విడుదలయ్యే రోజున కాంట్రాక్టరుకు కాకుండా కోర్టు ఉత్తర్వుకు లోబడి ఉంచండి" అని మాత్రమే అడిగాం. అభ్యంతరం రాలేదు. గడువు తీరాక 4,10,000 వచ్చింది. తక్కువ అడిగినందువల్ల దక్కిన సొమ్ము ఇది.

బావమరిది సంగతి

ఈ లోపు బావమరిది జీతం మీద రూల్ 48 ఉత్తర్వు తీసుకున్నాం. మినహాయింపు ఉన్న అలవెన్సులు తీసేస్తే జీతం 46,000. వెయ్యి పోగా 45,000, అందులో మూడో వంతు 15,000. ఆయన రిటైరవడానికి ఐదు నెలలే మిగిలాయి, 75,000 వచ్చింది.

ఈ ఉత్తర్వు అడగాలా వద్దా అని మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఆయన వాయిదాకు రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాడు. బూట్లకు కంకర దుమ్ము అలాగే ఉండేది. బావ మాట కాదనలేక సంతకం పెట్టాడని మా కక్షిదారుకూ తెలుసు. కానీ సంతకం సంతకమే, డిక్రీ డిక్రీయే. మూడింట రెండు వంతులు చట్టమే ఆయన ఇంటికి వదిలింది. ఆ లెక్క చూసుకున్నాకే అడిగాం.

రిటైరయ్యాక ఆయన గ్రాట్యుటీ బ్యాంకులో పడింది. "ఇప్పుడు రైల్వే చేయి దాటింది కదా సార్, పట్టుకోవచ్చా?" అని కక్షిదారు అడిగారు. 1976 తీర్పు మాటల్ని బట్టి ఆ ప్రశ్న సహజమే. కానీ రాధేశ్యామ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు 2008లో, పెన్షన్, గ్రాట్యుటీ సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారినా రక్షణ పోదని చెప్పింది. వద్దన్నాను. ఆ తీర్పు లేకపోయినా వద్దనే వాణ్ణనుకుంటాను. కానీ కక్షిదారుకు సలహా నా మనసును బట్టి ఇవ్వకూడదు, తీర్పు ఉండటం వల్ల ఆ సందిగ్ధం తప్పింది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి

రైల్వే గానీ, మరే ప్రభుత్వ సంస్థ గానీ గార్నిషీ అయిన ప్రతి కేసులో, ముందు రూల్ 41 అఫిడవిట్ కోరుతున్నాను. అది వచ్చాక తెల్లకాగితం మీద ఒక్కో మొత్తం ముందు మూడు ప్రశ్నలు రాస్తాను. ఈ సొమ్ము ఏ స్వభావంతో అక్కడ ఉంది? ఇవ్వాల్సిన రోజు వచ్చిందా? చెక్కు మీద సంతకం పెట్టే బల్ల ఏ కోర్టు హద్దుల్లో ఉంది? "రైల్వేకి రక్షణ ఉందా" అన్న ప్రశ్న ఆ కాగితం మీద ఉండదు. దానికి ఒక్క జవాబు లేదు కాబట్టి. బోగీకి ఉంది. ఫండుకు ఉంది. జీతానికి రెండు వంతుల మేరకు ఉంది. కొలత పడ్డ బిల్లుకు లేదు.

డిక్రీ బదిలీకి పట్టే నెలల్లో సొమ్ము జారిపోకుండా చూసుకోవడం ఇప్పటికీ కష్టమే. దావా దశలోనే ఆర్డర్ 38 రూల్ 5 కింద బిల్లులను ముందస్తు జప్తు చేయించడం మేలని ఇప్పుడు అనుకుంటున్నాను. దానికి బాకీదారు ఆస్తి తప్పించే ప్రయత్నంలో ఉన్నాడని చూపాలి, ఊరికే రాదు. ఈ కేసులో దావా వేసిన నాడు కాంట్రాక్టరు మా కక్షిదారుకు పంపిన ఒక వాయిస్ మెసేజ్ ఉంది, ఇల్లు భార్య పేరున మార్చేస్తున్నానని. అది ఎవరూ వాడలేదు. నాకు కూడా ఈపీ సగంలో ఉండగా వినిపించారు.

వచ్చింది 13,57,000. డిక్రీలో ఇంకా 3,28,000 మిగిలి ఉంది, వడ్డీ నడుస్తోంది. కాంట్రాక్టరుకు వేరే జోన్‌లో కొత్త వంతెన పని వచ్చిందని మా గుమస్తా కనుక్కొచ్చాడు. ఈసారి నేను ముందుగా అడిగింది, ఆ పనికి బిల్లు పాస్ చేసే అకౌంట్స్ ఆఫీసు ఏ ఊళ్ళో ఉందని.